బరువు చేతులు మారే చోటే దెబ్బ: రేవులో సరుకు ప్రమాదాల వెనక ఏం జరుగుతుంది

రేవులో ప్రమాదం జరిగిన మర్నాడు వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. క్రేన్ మీంచి సరుకు జారింది, కింద ఉన్న కార్మికుడికి దెబ్బ తగిలింది, నిర్లక్ష్యమే కారణమని ప్రాథమికంగా తేల్చారు. ఎవరి నిర్లక్ష్యమో చెప్పరు. చెప్పినా చాలాసార్లు అది దెబ్బ తగిలిన మనిషిదే అవుతుంది, ఎందుకంటే తన వైపు మాట చెప్పుకోవడానికి అతను అక్కడ లేడు, ఆస్పత్రిలో ఉన్నాడు. ఇన్ని యంత్రాలు, ఇన్ని నియమాలు, నెత్తిన హెల్మెట్, ఒంటి మీద మెరిసే జాకెట్ ఉండి కూడా ఈ పనిలో మనుషులు ఎందుకు నలిగిపోతున్నారో ఆ వార్త చదివితే తెలియదు.

క్లుప్తంగా చెప్పాలంటే: బరువు ఎక్కువ కావడం ఒక్కటే దెబ్బలకు కారణం కాదు. సరుకు హుక్కు నుంచి నేలకి, ఓడ నుంచి గట్టుకి, ఒక కంపెనీ మనుషుల నుంచి ఇంకో కంపెనీ మనుషులకి మారే చోట ప్రమాదం పెరుగుతుంది. అక్కడ సరుకు చేతులు మారుతుంది కానీ దాని గురించిన సమాచారం మారదు: ఎంత బరువు, ఎటు ఒరుగుతుంది, ఎవరు కింద ఉన్నారు, లోపల గాలి ఎలా ఉంది. చట్టాలు, కొత్త యంత్రాలు ఈ లోటును కొంత తగ్గించాయి, కొంత వేరే చోటికి జరిపాయి.

చెయ్యి అడ్డం పెట్టడం

అన్నిటికంటే మామూలు ప్రమాదంతోనే మొదలుపెట్టవచ్చు. 5 టన్నుల ఇనుప కట్ట ఒకటి క్రేన్‌కి వేలాడుతూ సెకనుకు ఒక మీటరు వేగంతో పక్కకి వస్తోందనుకోండి. అంటే గంటకి 3.6 కిలోమీటర్లు, మనిషి మామూలు నడక కంటే తక్కువే. చూసేవాడికి అది తేలుతూ వస్తున్నట్టు ఉంటుంది, కంగారు పుట్టదు, రెండు చేతులూ పెట్టి ఆపేయవచ్చనిపిస్తుంది.

లెక్క వేస్తే సంగతి వేరు. ఆ కట్టలో ఉన్న శక్తి 2,500 జౌల్స్. 70 కిలోల మనిషి మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి కింద పడితే నేలకి తగిలే శక్తి దాదాపు అంతే. ఇక దాన్ని ఆపాలంటే? ఒక మనిషి 30 కిలోల బలంతో, అంటే సుమారు 300 న్యూటన్లతో, ఎడతెగకుండా ఎదురు తోస్తే ఆ కట్ట ఆగడానికి 16, 17 సెకన్లు పడుతుంది. ఈలోపు అది అతన్ని 8 మీటర్లకు పైగా వెనక్కి నెట్టుకుపోతుంది. (ఊగుడు తనంతట తాను వెనక్కి మళ్ళే సంగతి ఈ లెక్కలో కలపలేదు; కానీ క్రేన్ మొత్తం కదులుతున్నప్పుడు దాన్ని నమ్ముకోవడానికీ లేదు.) వెనక 8 మీటర్లు ఖాళీ ఉంటే ఫరవాలేదు. ఓడ హోల్డ్‌లో, అంటే సరుకు నింపే అడుగు గదిలో అయితే రెండు మీటర్ల వెనకే ఇనుప గోడ, గట్టు మీద అయితే ట్రైలర్. నలిగిపోవడం అంటే ఇదే: సరుకు వేగంగా వచ్చి గుద్దడం కాదు, నెమ్మదిగా వచ్చి గోడకి నొక్కేయడం.

అసలు అది ఎందుకు ఊగుతుంది? హుక్కు సరిగ్గా సరుకు గరిమనాభికి పైన లేకపోతే, నేల వదిలిన క్షణంలోనే సరుకు హుక్కు కిందికి జరుగుతుంది. క్రేన్ డ్రైవర్ ఏమీ చేయకపోయినా సరే జరుగుతుంది. దానికి తోడు గాలి, కంటైనర్ పక్కగోడ తెరచాపలా పనిచేస్తుంది కదా. ఓడ కూడా నిలకడగా ఉండదు. ఓడ మీది సొంత క్రేన్ బరువును పక్కకి తిప్పినప్పుడు ఓడే కాస్త ఒరుగుతుంది, దాంతో హుక్కు ఇంకా అవతలికి పోతుంది. అందుకే సరుకుకి పొడవాటి తాడు కట్టి దూరం నుంచి దారి చూపించమంటారు. ఆ తాడును చేతికి చుట్టుకోకూడదని కూడా చెబుతారు. చాలామంది చుట్టుకుంటారు, పట్టు బాగుంటుంది కాబట్టి.

వేళ్ళు పోయేది మాత్రం ఊగుడులో కాదు, చివరి అడుగులో. దించాక స్లింగు, అంటే సరుకుని హుక్కుకి తగిలించే వైరు, గొలుసు లేదా పట్టీ, బయటికి లాగడానికి ఖాళీ ఉండాలి, దానికి సరుకు కింద చెక్క దిమ్మలు పెట్టాలి. సరుకు నేలకి అడుగు ఎత్తులో ఉండగా దిమ్మ కొంచెం పక్కకి జరిగిందని కనిపిస్తుంది, ఎవరో ఒకరు చెయ్యి పెట్టి సరిచేస్తారు. పెద్ద క్రేన్ మీద డ్రైవర్ 30, 40 మీటర్ల పైన కూర్చుని ఉంటాడు, అక్కడి నుంచి మనిషి తల కనిపిస్తుందేమో గానీ చెయ్యి కనిపించదు. హోల్డ్‌లోకి దించేటప్పుడైతే అసలేమీ కనిపించదు, సిగ్నల్ ఇచ్చేవాడి చేతులే అతనికి కళ్ళు. అందుకే దించు, ఎత్తు అనే సిగ్నళ్ళు ఒక్కరే ఇవ్వాలి, ఆపు అనే సిగ్నల్ మాత్రం ఎవరిచ్చినా డ్రైవర్ ఆపాలి అనేది ప్రపంచమంతటా ఉన్న నియమం. ఈ నియమంలో రెండో సగం ఎంత ముఖ్యమో, కొత్తగా వచ్చిన కూలీకి అది చెప్పేవాళ్ళు అంత తక్కువ.

స్లింగు ఎందుకు తెగుతుంది

తెగిన స్లింగును చూపించి పాతది, అరిగిపోయింది అంటారు. కొన్నిసార్లు నిజమే. కానీ కొత్త స్లింగు కూడా తెగే పద్ధతి ఒకటుంది, దానికి కారణం కోణం.

4 టన్నుల బరువును రెండు స్లింగు కాళ్ళతో, అంటే హుక్కు నుంచి సరుకు దాకా దిగే రెండు పాయలతో, ఎత్తుతున్నారు. కాళ్ళు రెండూ నిట్టనిలువుగా ఉంటే ఒక్కో దాని మీద 2 టన్నులు పడుతుంది. కాళ్ళు నేలకి 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద 2.3 టన్నులు. 45 డిగ్రీలకి వస్తే 2.8. 30 డిగ్రీలకి పడిపోతే ఒక్కో కాలి మీద 4 టన్నులు, అంటే మొత్తం బరువంత. రెండు కాళ్ళు వేసి కూడా ఒక్క కాలితో ఎత్తినట్టే అన్నమాట. 30 కంటే ఇంకా తగ్గితే లాగుడు అసలు బరువునే మించిపోతుంది.

ఇది ఎప్పుడు జరుగుతుందంటే, సరుకు పొడవు ఎక్కువ, దొరికిన స్లింగు పొట్టి. పొడవు స్లింగు గోడౌన్‌లో ఉంది, వెళ్ళి తేవడానికి అరగంట, ఈలోపు క్రేన్ ఖాళీగా నిలబడాలి, పైనుంచి ఫోన్. ఉన్నదాంతోనే ఎత్తేస్తారు. తొమ్మిదిసార్లు ఏమీ కాదు, ఎందుకంటే వైరు స్లింగును సాధారణంగా తన పని బరువుకి 5 రెట్లు, గొలుసును 4 రెట్లు తట్టుకునేలా తయారుచేస్తారు. ఈ మిగులు బలమే ఇబ్బంది కూడా తెచ్చిపెడుతుంది. తప్పు చేసినా ఏమీ కాకపోవడంతో అది తప్పని ఎవరికీ అనిపించదు, కొన్నాళ్ళకి అదే పద్ధతి అవుతుంది. పదోసారి స్లింగు ఒక పదునైన అంచు మీద పడుతుంది, లేదా ఒక కాలు ముందు బిగుసుకుని బరువంతా దాని మీదే వస్తుంది, లేదా క్రేన్ ఒక్కసారిగా కుదుపుతో ఎత్తుతుంది, అప్పటికి మిగులంతా కోణమే తినేసి ఉంటుంది. నైలాన్, పాలిస్టర్ పట్టీల విషయంలో అంచు మరీ ప్రమాదకరం, బరువు మీద ఉన్న పట్టీ ఇనుప అంచుకి తగిలితే కత్తితో కోసినట్టు పోతుంది.

క్రేన్ సామర్థ్యం విషయంలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. ఒక క్రేన్ ఇన్ని టన్నులు ఎత్తుతుంది అని పేరుకి చెప్పే అంకె చాలా రకాల క్రేన్లకి చెయ్యి దగ్గరగా ఉన్నప్పటిది. చెయ్యి దూరం చాచేకొద్దీ అది పడిపోతుంది. గట్టుకి దగ్గరి వరస నుంచి తేలిగ్గా ఎత్తిన సరుకునే ఓడ అవతలి వరస నుంచి ఎత్తబోతే క్రేన్ ఒరిగిపోవచ్చు.

పెట్టె మీద రాసిన బరువు

స్లింగు, క్రేన్, కోణం, ఈ లెక్కలన్నిటికీ ముందు తెలియాల్సింది ఒక్కటే: బరువు ఎంత? విచిత్రం ఏమిటంటే రేవుల్లో చాలా కాలంగా సరిగ్గా తెలియనిది అదే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లోనే దీనికోసం ఒక ఒప్పందం తెచ్చింది, 27వ నంబరు ఒప్పందం. 1,000 కిలోలు, అంతకు మించి బరువున్న ఏ సరుకైనా సముద్రం మీద పంపేముందు దాని మొత్తం బరువును పైన స్పష్టంగా, చెరిగిపోకుండా రాయాలి. ఎత్తేవాడికి తెలియాలి అన్నదే దాని ఉద్దేశం. సరుకు విడివిడిగా, కంటికి కనిపించేలా వచ్చిన రోజుల్లో అది సరిపోయింది. తర్వాత కంటైనర్ వచ్చింది, సరుకంతా ఒక ఇనుప పెట్టెలోకి వెళ్ళిపోయి తలుపు మూసుకుంది, బయట కాగితం మీద ఏం రాస్తే అదే బరువు అయింది. కాగితం రాసేవాడు రేవుకి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. తక్కువ రాస్తే అతనికి రవాణా ఖర్చులో లాభం ఉండవచ్చు, ఎక్కువ రాయడానికి మాత్రం కారణమేమీ లేదు.

తేడా ఎంత ఉంటుందో 2007లో బయటపడింది. ఎంఎస్సీ నేపొలి అనే కంటైనర్ ఓడ ఆ జనవరిలో ఇంగ్లిష్ ఛానల్‌లో తుఫానుకి దెబ్బతింది, తర్వాత దాన్ని ఇంగ్లండ్ తీరంలో ఒడ్డుకి చేర్చారు. డెక్ మీద తడవకుండా మిగిలిన సుమారు 660 కంటైనర్లను తూచి చూస్తే 137 పెట్టెల బరువు కాగితంలో చెప్పినదానికి 3 టన్నులకు పైగా తేడా వచ్చింది. అంటే అయిదింటిలో ఒకటి. ఒక పెట్టెలో తేడా ఏకంగా 20 టన్నులు. ఓడ దెబ్బతినడానికి ప్రధాన కారణం దాని నిర్మాణంలో ఉంది, అది వేరే సంగతి. కానీ ఈ అంకెలు చూశాక కాగితాన్ని నమ్మి క్రేన్ నడపడం ఎలాంటి పనో అందరికీ అర్థమైంది.

చివరికి 2016 జూలై 1 నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణ రక్షణ కోసం ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనల కింద, సరుకు నింపిన ప్రతి కంటైనర్‌కీ ధ్రువీకరించిన మొత్తం బరువు ఉండాల్సిందే, లేకపోతే ఓడ ఎక్కించకూడదు అని అమల్లోకి వచ్చింది. వ్యవహారంలో వీజీఎం అంటారు. నింపిన పెట్టెను అలాగే తూచవచ్చు, లేదా లోపలి సరుకు, ప్యాకింగ్, కట్టే సామాను అన్నీ విడివిడిగా తూచి ఖాళీ పెట్టె బరువు కలపవచ్చు. 1929కీ 2016కీ మధ్య 87 ఏళ్ళు; అడిగిన ప్రశ్న ఒకటే.

అయితే వీజీఎం చెప్పేది ఎంత బరువన్నది మాత్రమే. ఆ బరువు పెట్టెలో ఎటువైపు ఉందో చెప్పదు. ఒక కొసన ఇనుప చుట్ట, రెండో కొసన ఖాళీ ఉన్న కంటైనర్ కాగితం మీద సక్రమంగానే ఉంటుంది, ఎత్తినప్పుడు మాత్రం ఒక పక్కకి ఒరుగుతుంది, ట్రైలర్ మీద మలుపు తిరిగేటప్పుడు బోల్తా పడుతుంది. లోపల కట్టు సరిగ్గా లేని సరుకు దారిలో జరిగి తలుపుకి ఆనుకుని ఉంటుంది, తలుపు తీసినవాడి మీద పడుతుంది. పెట్టెలో సరుకు ఎలా పేర్చాలి, ఎలా బిగించాలి అన్నదాని మీద 2014లో అంతర్జాతీయ నౌకా సంస్థ, కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం కలిసి ఒక నియమావళి ఇచ్చాయి. కానీ నియమావళికీ, చట్టంగా కట్టుబడే నిబంధనకీ తేడా ఉంది.

నడుము లెక్క

పెద్ద ప్రమాదాలు వార్త అవుతాయి, నడుము నొప్పి కాదు. పని మానిపించడంలో మాత్రం అది దేనికీ తీసిపోదు.

నడుము కింది భాగంలో ఉన్న వెన్నుపూసల జాయింటు ఒక ఇరుసులాంటిది. ముందు వైపు చేతుల్లో బరువు, వెనక వైపు వీపు కండరాలు. కండరం ఆ ఇరుసుకి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. బరువును ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే నిష్పత్తి ఒకటికి పది. 20 కిలోల బస్తాకి కండరం 200 కిలోల బలంతో లాగాలి, ఆ నొక్కుడంతా మధ్యలో ఉన్న డిస్కు మీదే, ఒంటి బరువు అదనం.

దీని ఆధారంగానే అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ నయాష్ 1991లో తన లెక్కను సవరించింది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలి తిరగకుండా, మంచి పట్టుతో, అరుదుగా ఎత్తితే సిఫార్సు చేసిన గరిష్ఠం 23 కిలోలు. అక్కడి నుంచి ప్రతి ఇబ్బందికీ కోత పడుతుంది. బరువు పాదాల నడిమికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సగానికి, 11.5 కిలోలకి పడిపోతుంది. నేల మీంచి ఎత్తితే ఇంకో 22 శాతం కోత. ఎత్తుతూ 45 డిగ్రీలు పక్కకి తిరిగితే మరో 14 శాతం. అన్నీ కలిపితే మిగిలేది సుమారు 7.6 కిలోలు. హోల్డ్ మూలలో బస్తాలు పేర్చే మనిషి ఈ మూడూ కలిపే చేస్తాడు, అదీ షిఫ్టంతా.

ఇంకోవైపు, కార్మిక సంస్థ 1967 నాటి సిఫార్సులో వయోజన పురుషుడు మోయగల గరిష్ఠంగా చెప్పిన అంకె 55 కిలోలు. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒకటి తప్పు అనడం సరికాదు. ఒకటి అంతకు మించి మోయించవద్దు అని గీసిన గీత, రెండోది ఇంతలో ఉంటే చాలామందికి నడుము చెడదు అని వేసిన అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఉన్న బరువులన్నీ గీత దాటకుండానే నడుము పాడుచేసేవే.

దీనికి పరిహారం విషయంలో ఒక చిక్కు ఉంది. హుక్కు పడి కాలు విరిగితే తేదీ, సమయం, సాక్షి అన్నీ ఉంటాయి. డిస్కు పన్నెండేళ్ళు అరిగి ఒక మంగళవారం జారితే, ఆ రోజు ఎత్తింది చిన్న పెట్టే అయి ఉండవచ్చు. ఇంత చిన్న పెట్టెకి నడుము పోతుందా అనే ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది.

హోల్డ్‌లో గాలి

బరువుతో నేరుగా సంబంధం లేదు కానీ బరువైన సరుకుతోనే వచ్చే ప్రమాదం ఇది. బొగ్గు, తుక్కు ఇనుము, దుంగలు, చెక్క గుళికలు, కొన్ని ఖనిజాలు మూసిన హోల్డ్‌లో రోజుల తరబడి ఉంటే గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. మామూలుగా 20.9 శాతం ఉండాల్సింది బాగా పడిపోతే నాలుగైదు ఊపిర్లలోనే మనిషి స్పృహ తప్పుతాడు. వాసన ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. హాచ్ (హోల్డ్ పైనున్న పెద్ద ద్వారం) మూతలు తీశారు కదా అనుకుంటారు, కానీ హోల్డ్‌లోకి దిగే నిచ్చెన విడిగా ఒక ఇరుకు గదిలో ఉంటుంది, దాని గాలి మారదు. లోపల పడిపోయినవాణ్ణి చూసి పైనున్నవాడు పరుగున దిగుతాడు, అతనూ పడిపోతాడు. ఒకే హోల్డ్‌లో ఇద్దరు ముగ్గురు పోయిన ఘటనల్లో జరిగేది సాధారణంగా ఇదే. ఓడల మీద గాలి పరీక్షించే పరికరం ఉండాలన్న సోలాస్ నిబంధన కూడా 2016 జూలై 1 నుంచే. పరికరం ఓడ సిబ్బంది దగ్గర ఉంటుంది, దిగేవాళ్ళు గట్టు మీది కార్మికులు.

కంటైనర్ వచ్చాక

1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి బయలుదేరింది. కంటైనర్ యుగం అక్కడ మొదలైందని చెబుతారు. అంతకు ముందు ఒక ఓడను ఖాళీ చేయడానికి పెద్ద పెద్ద జట్లు రోజుల తరబడి చేతులతో, భుజాలతో, చేతి కొక్కేలతో పనిచేసేవి. చితికిన వేళ్ళు, జారిన డిస్కులు, హోల్డ్‌లో పడిపోవడం, ఇవే ఆనాటి దెబ్బలు. కంటైనర్‌తో మనుషులు తగ్గారు, మోత తగ్గింది, కాబట్టి దెబ్బల సంఖ్య తగ్గుతుందని అనుకోవడం సహజం. తగ్గే అవకాశం నిజంగానే ఉంది కూడా.

కానీ దెబ్బ స్వభావం మారింది. 20 అడుగుల పెట్టె నిండితే 30 టన్నుల దాకా ఉండవచ్చు, దాంతో జరిగే ప్రమాదంలో చిన్న దెబ్బ అంటూ ఉండదు. దాన్ని మోసే రీచ్ స్టాకర్, స్ట్రాడిల్ క్యారియర్ లాంటి బండ్ల డ్రైవర్‌కి ముందు పెట్టే అడ్డం, కొన్నిటిలో నేల మీద నడిచే మనిషి కనిపించడు. పాత రేవులో ప్రమాదం పైనుంచి వచ్చేది, కంటైనర్ యార్డులో పక్క నుంచి, చక్రాల మీద వస్తుంది. అందుకే మనుషులు నడిచే దారినీ బండ్లు తిరిగే దారినీ పూర్తిగా వేరుచేయడం యార్డు భద్రతలో మొదటి మెట్టుగా చూస్తారు. పసుపు గీత గీస్తే వేరుచేసినట్టు కాదు, మధ్యలో గట్టి అడ్డు ఉండాలి.

యంత్రం చేయని పని ఒకటి మిగిలింది. ఓడ మీద పెట్టెలను ఒకదానితో ఒకటి బిగించే ట్విస్ట్‌లాక్‌లు, వాటిని డెక్‌కి కట్టే పొడవాటి ఇనుప కడ్డీలు పెట్టేది, తీసేది చాలా చోట్ల ఇప్పటికీ మనుషులే. పెట్టెల వరసల మధ్య ఇరుకు దారి, కాళ్ళ కింద నూనె, నీళ్ళు, తలపైకెత్తి పట్టుకున్న కడ్డీ. ఒక పెట్టె ఎత్తు 2.59 మీటర్లు, మూడు పేరిస్తే 7.8 మీటర్లు. పైకెక్కి పనిచేసేవాడికి పట్టుకోవడానికి అంచు తప్ప ఏమీ లేదు.

ఎవరి మనిషి?

ఓడ ఒకరిది. దాన్ని అద్దెకి తీసుకుని నడిపేది ఇంకొకరు. రేవు ప్రభుత్వానిదో ప్రైవేటు సంస్థదో. సరుకు దించే పని స్టీవడోర్ కంపెనీది, దానికి కూలీలను పంపింది లేబర్ కాంట్రాక్టర్. క్రేన్ మరొకరి నుంచి అద్దెకి వచ్చింది, డ్రైవర్‌తో సహా. ట్రైలర్ రవాణా కంపెనీది. దెబ్బ తగిలిన చోటుకి పది అడుగుల దూరంలో ఇన్ని సంస్థల మనుషులు ఉంటారు, ప్రతివాళ్ళకీ తమ సూపర్‌వైజర్ ఉంటాడు, ఆ చోటు మొత్తానికి ఒకడు ఉండడు. లెక్కలు కూడా అలాగే చెల్లాచెదురు అవుతాయి. కాంట్రాక్టర్ పుస్తకంలో ఒక దెబ్బ, రేవు పుస్తకంలో సున్నా. రేవుల ప్రమాదాల అంకెలను ఒక దేశంతో ఇంకో దేశాన్ని పోల్చేటప్పుడు అనుమానించాల్సింది ఇక్కడే: తక్కువ అంకె మంచి భద్రతకి గుర్తు కావచ్చు, సరిగ్గా లెక్కపెట్టకపోవడానికీ గుర్తు కావచ్చు.

అమెరికా చట్టం ఈ గొడవకి మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ గొడవ అక్షరాలా వంతెన మీద మొదలైంది. న్యూయార్క్‌లో ఓడ నుంచి సరుకు దించుతూ ఓడకీ గట్టుకీ మధ్య వేసిన వంతెన మీద ఒక కార్మికుడు చనిపోయాడు. అది నీటి మీద జరిగింది కాబట్టి రాష్ట్ర పరిహార చట్టం వర్తించదని 1917లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నాలుగు అడుగులు ఇవతల, గట్టు మీద చనిపోయి ఉంటే వచ్చేది. ఆ ఖాళీని పూడ్చడానికి 1927లో రేవు కార్మికుల పరిహార చట్టం చేశారు. తప్పు ఎవరిదన్నది చూడకుండా యజమాని పరిహారం ఇవ్వాలి, పూర్తిగా పని చేయలేని స్థితిలో ఉంటే సగటు వారపు వేతనంలో మూడింట రెండొంతులు. అయినా ఆ చట్టం నీటి అంచు దగ్గరే ఆగిపోయింది. గట్టు మీదికి, దాన్ని ఆనుకున్న టెర్మినల్‌లోకి అది రావడానికి 1972 సవరణ కావాల్సి వచ్చింది. ఒకే మనిషి ఒకే షిఫ్టులో పదిసార్లు అటూ ఇటూ నడిచే వంతెనకి చట్టంలో దారి వేయడానికి 55 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఓడ యజమాని బాధ్యత ఎంతవరకు అన్నది వేరే ప్రశ్న. 1972లో అమెరికాలో జలరత్న అనే భారతీయ ఓడలోకి గోధుమ బస్తాలు ఎక్కిస్తుండగా వించ్ (బరువును తాడుతో ఎత్తి దించే యంత్రం) బ్రేకు సరిగ్గా పట్టక బస్తాలు పడి ఒక కార్మికుడికి దెబ్బ తగిలింది. వించ్ ఓడది, పని చేయిస్తున్నది స్టీవడోర్. బ్రేకు అంతకు ముందు రెండు రోజులుగా అలాగే ఉందన్నది కేసులో వాదన. ఓడ యజమాని కంపెనీ పేరుతో సింధియా కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో 1981లో సుప్రీంకోర్టు చెప్పిన దాని సారాంశం ఇది: పని మొదలయ్యేటప్పుడు ఓడను సురక్షితమైన స్థితిలో అప్పగించాలి, దాగి ఉన్న ప్రమాదాలుంటే చెప్పాలి. ఆ తర్వాత పని జరుగుతున్నంతసేపూ వెంటపడి తనిఖీ చేయాల్సిన బాధ్యత ఓడకి లేదు. కానీ ఓడ సామగ్రిలో ప్రమాదం ఉందని తెలిసీ, స్టీవడోర్ దాంతోనే పని కానిస్తున్నాడని తెలిసీ చూస్తూ ఊరుకోకూడదు. అంటే తెలియకపోతే బాధ్యత తక్కువ, తెలిస్తే ఎక్కువ. ఈ తర్కంలో ఒక ఇబ్బంది కనిపిస్తూనే ఉంది: తెలుసుకోకుండా ఉండటమే లాభం అనుకునేవాళ్ళకి అది కొంత చోటు ఇస్తుంది.

ప్రపంచ స్థాయిలో ప్రధాన ఆధారం 1979 నాటి కార్మిక సంస్థ 152వ ఒప్పందం. ఎత్తే యంత్రాలను, స్లింగులు, షాకిళ్ళు (స్లింగును తగిలించే ఇనుప కొండీలు) లాంటి విడి సామగ్రిని కనీసం 12 నెలలకోసారి నిపుణుడు క్షుణ్ణంగా పరిశీలించాలని, ఓడ మీది ఎత్తే యంత్రాలను కనీసం 5 ఏళ్ళకోసారి మళ్ళీ పరీక్షించాలని, విడి సామగ్రిని వాడేముందు చూసుకోవాలని అది చెబుతుంది. మంచి నియమాలే. అయితే దేశం ఆమోదిస్తేనే ఒప్పందం కట్టుబడుతుంది, ఆమోదించాక తనిఖీ చేసే మనుషులుంటేనే పనిచేస్తుంది. సర్టిఫికెట్ కూడా స్లింగు పరీక్షించిన రోజు సంగతే చెబుతుంది, నిన్న పదునైన అంచు మీద పడిన సంగతి చెప్పదు.

ఏది పనిచేస్తుంది, ఏది ఉత్తిదే

రేవు గేటు దగ్గర భద్రతే ముఖ్యం బోర్డు వల్ల జరిగే మేలు చాలా తక్కువ. హెల్మెట్ పైనుంచి పడే బోల్టును ఆపుతుంది, 5 టన్నుల కట్టను ఆపదు. శిక్షణ కొంత పనిచేస్తుంది, కానీ రోజూ మారే కూలీల జట్టుకి ఇచ్చిన శిక్షణ ఆ రోజుతోనే పోతుంది. ఒకరి చేతి సైగ ఇంకొకరికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, రోజుకో కొత్త ముఖంతో హోల్డ్‌లోకి దిగేవాడికి ఆ వారాలు ఎప్పుడూ రావు. 1973 నాటి 137వ ఒప్పందం రేవు కార్మికులకు వీలైనంత వరకు శాశ్వతమైన లేదా క్రమమైన ఉపాధి ఉండాలంది. దాన్ని జీతాల విషయంగానే చూస్తారు గానీ భద్రతతో దానికి ఉన్న సంబంధం తక్కువేమీ కాదు.

నిజంగా పనిచేసేవి చూడటానికి చప్పగా ఉంటాయి. పొడవు స్లింగులు గోడౌన్‌లో కాకుండా హాచ్ పక్కనే ఉంచడం. దిమ్మను చేత్తో కాకుండా కర్రతో జరిపే ఏర్పాటు. సరుకు దించే చోట వెనక్కి తప్పుకోవడానికి దారి ఉందో లేదో ఎత్తకముందే చూడటం. హోల్డ్‌లోకి దిగేముందు గాలి పరీక్ష ఫలితాన్ని దిగేవాళ్ళకే చూపించడం. షిఫ్టు మారేటప్పుడు దిగిపోయే సిగ్నల్ మ్యాన్, వచ్చే సిగ్నల్ మ్యాన్ అయిదు నిమిషాలు పక్కపక్కన నిలబడి మాట్లాడుకోవడం. ఇవేవీ పెద్ద ఖర్చు కావు, ఖర్చయ్యేది సమయం. గట్టుకి కట్టిన ఓడకి ప్రతి గంటా డబ్బే, అందుకని కోత పడేది కూడా ముందు ఈ అయిదు నిమిషాలకే. టన్నుకి ఇంత అని కూలీ ఇచ్చే చోట అయితే పై నుంచి ఎవరూ తొందరపెట్టక్కర్లేదు, జట్టే తనను తాను తొందరపెట్టుకుంటుంది.

ఇక ముందు క్రేన్లు దూరం నుంచి కెమెరాలతో నడిపేవి అవుతున్నాయి, కొన్ని టెర్మినళ్ళలో యార్డు బండ్లు డ్రైవర్ లేకుండానే తిరుగుతున్నాయి. పెట్టెల మధ్య నడిచే మనుషులు తగ్గితే నలిగే ప్రమాదమూ తగ్గుతుంది, సందేహం లేదు. కానీ ఓడ మీద కడ్డీ బిగించేవాడు, గట్టు మీద ట్విస్ట్‌లాక్ తీసేవాడు చాలా చోట్ల అలాగే ఉన్నారు. క్రేన్ డ్రైవర్ 40 మీటర్ల పైనుంచి దిగి ఏసీ గదిలో తెర ముందు కూర్చున్నాడు, కింద నిలబడినవాడు మాత్రం అక్కడే ఉన్నాడు, ఇప్పుడు అతను చెయ్యెత్తి ఆపు అంటే దాన్ని కెమెరా చూడాలి.